మూడు భాషల లోలా, ఒక బీరువా

మ్యూనిక్ విమానాశ్రయం నుంచి ఎస్-8 రైలెక్కి ఊళ్లోకి వచ్చేవాళ్ళకి ఉంటర్‌ఫ్యోరింగ్ అంటే దారిలో వచ్చే ఒక స్టేషన్, అంతే. ఈసార్ నది ఒడ్డున చిన్న ఊరు. పదకొండు పన్నెండు వేల జనాభా, ఒక చర్చి, ఆ పక్కనే గాజు గోడల ఆఫీసులు. టెలివిజన్ వ్యాపారంతో పరిచయం ఉన్నవాళ్ళకి మాత్రం ఇది పెద్ద పేరున్న ఊరు. జర్మనీలో కోట్లమంది చూసే చానళ్ళు నడిచేది ఇక్కడినుంచే. నేను 2001లో, షృోడర్ ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ వాళ్ళకోసం ఇచ్చిన 'గ్రీన్‌కార్డు' మీద, ఐదేళ్ళ పర్మిట్ చేతపట్టుకుని ఈ ఊరొచ్చాను. పని ఏమిటంటే సినిమా హక్కుల డేటాబేసు. ఏ సినిమా, ఏ దేశంలో, ఏ భాషలో, ఎన్నేళ్ళపాటు, ఎన్నిసార్లు ప్రసారం చేసుకోవచ్చో లెక్క కట్టే ప్రోగ్రాములు రాయడం.

ఈ ఊరి చరిత్రలో ఒక చిత్రమైన సంగతి ఉంది. 1158కి ముందు ఉప్పు బండ్లు ఈసార్ నదిని దాటేది ఫ్యోరింగ్ దగ్గర వంతెన మీదుగా. సుంకం ఫ్రైజింగ్ బిషప్పుకి వెళ్ళేది. బవేరియా డ్యూక్ హెన్రీ (ఇతన్ని సింహం హెన్రీ అంటారు) ఆ వంతెనని నాశనం చేయించి, ఇంకాస్త ఎగువన తన సొంత వంతెన కట్టి, సుంకం తన ఖజానాకి మళ్ళించుకున్నాడు. ఆ కొత్త వంతెన పక్కన పెరిగిన సంతే మ్యూనిక్. అంటే మ్యూనిక్ మహానగరం పుట్టింది ఫ్యోరింగ్ సుంకాన్ని లాక్కునే. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత అదే ఫ్యోరింగ్‌లో మళ్ళీ సుంకం వసూలు మొదలైంది. ఈసారి ఉప్పు మీద కాదు, సినిమాల మీద.

ఆ సుంకం మొదలుపెట్టిన మనిషి లేయో కిర్ష్. 1956లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, ఫెల్లీనీ తీసిన 'లా స్ట్రాడా' సినిమాకి జర్మన్ హక్కులు కొన్నాడు. అప్పటికి జర్మనీలో టీవీ పసిపిల్ల. రేపు ఈ పిల్లకి ఆకలేస్తుందని, అప్పుడు సినిమాలు కావలసి వస్తాయని అతను ముందే పసిగట్టాడు. దశాబ్దాలపాటు సినిమాలు కొని నిలవ చేసి, టీవీ చానళ్ళకి అద్దెకిచ్చి సామ్రాజ్యం కట్టాడు. ఆ సామ్రాజ్యం ముఖ్య స్థావరాల్లో ఉంటర్‌ఫ్యోరింగ్ ఒకటి. ఇక్కడ 'బేటాష్ట్రాసె' అనే వీధి పేరు కూడా అతని 'బేటా' కంపెనీల కాలాన్ని గుర్తుచేస్తుంది. అప్పుల భారంతో కిర్ష్ మీడియా 2002 ఏప్రిల్‌లో దివాలా తీసింది. 2011లో ఆయన పోయాడు.

ఆ డేటాబేసు నాకు నేర్పిన పాఠం ఒకటుంది. 'సినిమా' అనే వస్తువు ఒకటి ఉంటుందని మనం అనుకుంటాం. డేటాబేసులో అలాంటిదేమీ లేదు. ఒక్కొక్క పేరు కింద డజను వరసలు ఉంటాయి. జర్మన్ డబ్బింగ్ ఒక వరస, కోత పడిన టీవీ ప్రింటు ఒక వరస, ఫ్రెంచి అసలు ఇంకొకటి, నిడివి తేడాలతో మరి రెండు. ఇందులో ఏది సినిమా? ఈ ప్రశ్న ఆఫీసులో అడిగితే ఎవరికైనా నవ్వొస్తుంది. కాని ఇంటికొచ్చాక ఆ ప్రశ్నే నన్ను పట్టుకుని, ఇరవై ఏళ్ళకి పైగా ఒక దర్శకుడి సినిమాల వెంట తిప్పింది. ఆయన పేరు మాక్స్ ఓఫ్యుల్స్.

ఆ పేరే ఒక వలస కథ. 1902లో జార్‌బ్రుకెన్‌లో, ఫ్రాన్స్ సరిహద్దుని ఆనుకున్న ఊళ్లో, ఒక యూదు కుటుంబంలో పుట్టినప్పుడు ఆయన మాక్సిమిలియన్ ఓపెన్‌హైమర్. నాటకాల్లోకి వచ్చినప్పుడు ఓఫ్యుల్స్ అయ్యాడు. ఫ్రాన్స్ వెళితే 'యు' అక్షరం నెత్తిమీది రెండు చుక్కలు పోయాయి. హాలీవుడ్ వెళితే మధ్యలో ఒక అక్షరం పోయి 'ఓపుల్స్' అయింది. మన ఇంటిపేర్లు పాస్‌పోర్టు మొదలుకొని కరెంటు బిల్లుదాకా ఒక్కోచోట ఒక్కో రకంగా పడుతుంటాయి కదా, అందుకని ఈ విషయంలో నాకు ఆయన మీద ఒక బంధుప్రీతి.

1933 ఫిబ్రవరి 27 రాత్రి బెర్లిన్‌లో పార్లమెంటు భవనం తగలబడింది. ఓఫ్యుల్స్ భార్యాబిడ్డలతో పారిస్ వెళ్ళిపోయాడు. ఆయన తీసిన 'లీబెలై' ఆ మార్చిలోనే బెర్లిన్‌లో విడుదలైంది. ఆ తరువాత దాని టైటిళ్ళలోంచి యూదుల పేర్లు తీసేశారు. 1938లో ఫ్రెంచి పౌరసత్వం వచ్చింది. 1940లో ఫ్రాన్స్ పడిపోయాక మళ్ళీ మూటాముల్లె కట్టి, 1941లో అమెరికా చేరాడు. అక్కడ కొన్నేళ్ళపాటు పనే దొరకలేదు. యుద్ధం అయ్యాక నాలుగు సినిమాలు తీసి, తిరిగి ఫ్రాన్స్ వచ్చి ఇంకో నాలుగు తీశాడు. 'లా రోండ్' (1950), 'లె ప్లెజీర్' (1952), 'మదామ్ ద...' (1953), 'లోలా మోంటెస్' (1955). 1957లో, హాంబర్గ్‌లో ఒక నాటకం వేయిస్తూ జబ్బుపడి, మార్చి 26న చనిపోయాడు. వయసు 54. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, హాలండ్, అమెరికా కలిపి ఇరవై పైచిలుకు సినిమాలు. ఒక్కొక్కటి ఒక్కో దేశం ఆస్తి.

ఒక దర్శకుడి సినిమాలన్నీ ఇంట్లో పెట్టుకోవాలనుకుంటే, దేశం మారని దర్శకుడిని ఎంచుకోవడం సుఖం. ఓఫ్యుల్స్‌ని ఎంచుకున్నవాడికి మాత్రం ఆయన వలసని మళ్ళీ మొదటినుంచి చెయ్యక తప్పదు. నా బీరువాలో మొదట చేరినది ఆర్టె చానల్లో అర్ధరాత్రి వస్తుంటే రికార్డు చేసుకున్న 'మదామ్ ద...' టేపు. ఒక జత చెవి కమ్మల కథ అది. భర్త ఇచ్చిన కమ్మలని భార్య రహస్యంగా అమ్ముకుంటుంది. అవి చేతులు మారి, దేశాలు తిరిగి, ఆమె ప్రియుడి చేతిమీదుగా ఆమెకే తిరిగొస్తాయి. శకుంతల ఉంగరం కథ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగినవాళ్ళకి ఈ సినిమా అర్థం కావడానికి ఫ్రెంచి అక్కర్లేదు. తేడా ఒక్కటే. అక్కడ ఉంగరం దొరకడంతో జ్ఞాపకం తిరిగొస్తుంది, కథ సుఖాంతమవుతుంది. ఇక్కడ వస్తువు తిరిగొచ్చిన ప్రతిసారీ అబద్ధం ఇంకొంచెం పెరుగుతుంది.

తరువాత వసంతకాలంలో తెరేజియన్‌వీజె మైదానంలో జరిగే పాతసామాన్ల సంతలో 'లోలా మోంటెస్' వీడియో టేపు దొరికింది. రెండు యూరోలు. అదే నన్ను లెక్కల్లోకి దింపింది.

ఎందుకంటే ఆ సినిమా సినిమాస్కోప్. ఆ రోజుల్లో దాని బొమ్మ ఎత్తుకి రెండున్నర రెట్లకి పైగా వెడల్పు, అంటే 2.55కి 1. పాత టీవీ తెర 1.33కి 1. టీవీ తెర నిండేలా బొమ్మని సర్దితే మిగిలేది సగానికి కాస్త ఎక్కువ. తక్కిన 48 శాతం రెండు పక్కలా కోతే. ఓఫ్యుల్స్ విషయంలో ఇది మరీ అన్యాయం. ఆయనకి అంత వెడల్పు తెర అంటే పెద్ద ఇష్టం లేదు. కొన్ని సీన్లలో తెర అంచులని తెరలతో, స్తంభాలతో, చీకటితో తనే మూసి, బొమ్మని ఇరుకు చేసుకున్నాడు. ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో ఆయన పెట్టుకున్న లెక్క అది. టేపు చేసినవాడు ఆ లెక్కనే తుడిచేశాడు.

రెండోది వేగం. సినిమా సెకనుకి 24 బొమ్మలు. యూరప్‌లోనూ ఇండియాలోనూ వాడిన పాల్ పద్ధతి టీవీ సెకనుకి 25. మామూలుగా చేసే పని, సినిమాని కాస్త వేగంగా తిప్పడం. 110 నిమిషాల సినిమా 105 నిమిషాల 36 సెకన్లలో అయిపోతుంది. ఏదీ కోయకుండానే నాలుగు నిమిషాల 24 సెకన్లు మాయం. పైగా సంగీతం ముప్పాతిక స్వరమంత కాకపోయినా, అరస్వరం కంటే కొంచెం తక్కువగా శ్రుతి పెరుగుతుంది. మా ఇంట్లో ఘంటసాల పాటలని పాత క్యాసెట్లలో విని, తరువాత పాల్ డీవీడీలో విని, 'ఈయన గొంతు ఎందుకో సన్నబడింది' అనుకున్నవాళ్ళకి ఇందులో కారణం దొరకవచ్చు.

ఇవి యంత్రాలు చేసిన కోతలు. మనుషులు చేసిన కోత వేరే ఉంది. దానికి ముందు అసలు లోలా ఎవరో చెప్పాలి.

ఆమె స్పెయిన్ మనిషి కాదు, పేరు లోలా కాదు. 1821లో ఐర్లండ్‌లో పుట్టిన ఎలైజా గిల్బర్ట్. తండ్రి బ్రిటిష్ సైన్యంలో చిన్న అధికారి. ఉద్యోగం మీద కుటుంబంతో ఇండియా వచ్చి, పాట్నా దగ్గర దానాపూర్‌లో కలరాతో పోయాడు. తల్లి ఇంకో సైనికాధికారిని చేసుకుంది. అయిదారేళ్ళకే పిల్లని చదువుకోసమని స్కాట్లండ్ పంపేశారు. పెద్దయ్యాక ఇంకో సైనికుడితో లేచిపోయి, పెళ్ళాడి, మళ్ళీ ఇండియా వచ్చింది. ఆ కాపురం నిలవలేదు. 1843లో లండన్ రంగస్థలం మీద 'స్పానిష్ నర్తకి లోలా మోంటెజ్'గా ప్రత్యక్షమైంది. 1846లో మ్యూనిక్ వచ్చింది. అరవై ఏళ్ళ రాజు మొదటి లుడ్విగ్ ఆమె మోహంలో పడి, 1847లో జమీ బిరుదిచ్చి కౌంటెస్‌ని చేశాడు. విద్యార్థులు తిరగబడితే 1848 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయాన్నే మూయించాడు. అది గొడవని ఇంకా పెంచింది. ఆమె పారిపోయింది. యూరప్ అంతా విప్లవాలతో అట్టుడుకుతున్న ఆ మార్చిలోనే రాజు సింహాసనం వదులుకున్నాడు. ఆమె 1861లో న్యూయార్క్‌లో పోయింది. రాజు ష్టీలర్ అనే చిత్రకారుడి చేత వేయించిన 36 మంది అందగత్తెల బొమ్మల్లో ఆమెదీ ఒకటి. మ్యూనిక్ నింఫెన్‌బుర్గ్ కోటలో ఆ వరసలో, నల్ల దుస్తుల్లో, ఎర్ర పువ్వులతో ఉంటుంది. ఇండియా నుంచి చుట్టాలొస్తే కోట చూపించే మిషమీద నేను ఆమెని చూసి వస్తుంటాను.

ఈ కథని ఓఫ్యుల్స్ ఒక సర్కస్‌లో పెట్టాడు. అసలు లోలా సర్కస్‌లో ఎప్పుడూ లేదు. సినిమాలో మాత్రం అమెరికాలో ఒక సర్కస్ రింగ్‌మాస్టర్ (పీటర్ ఉస్తినోవ్) ఆమె బతుకుని అంకాలుగా విడగొట్టి ఆట కట్టిస్తాడు. జనం డబ్బులిచ్చి ఆమెని ప్రశ్నలడుగుతారు. చివర, ఒక డాలరిస్తే ఆమె చెయ్యి ముద్దుపెట్టుకోవచ్చు. వరసలో నిలబడ్డ మగవాళ్ళ బారు తెర చివరిదాకా సాగుతుంది.

సినిమాలో చాలా భాగం తీసింది మ్యూనిక్ శివార్లలోని గైజెల్‌గాష్టైగ్ స్టూడియోల్లో. ఓఫ్యుల్స్‌కి అది పాత చోటే. 1932లో ఆయన 'అమ్ముడుపోయిన పెళ్ళికూతురు' తీసిందీ అక్కడే. అందులో మ్యూనిక్ వాళ్ళు నెత్తిన పెట్టుకునే హాస్యనటుడు కార్ల్ ఫలెంటిన్ సర్కస్ యజమాని వేషం వేశాడు. ఇరవై మూడేళ్ళ తరువాత, యుద్ధమూ ప్రవాసమూ అయిపోయాక, అదే చోట మళ్ళీ ఇంకో సర్కస్ డేరా. ఈ రెండు డిస్కులూ నా బీరువాలో పక్కపక్కనే ఉంటాయి.

'లోలా'ని ఫ్రెంచి, జర్మన్, ఇంగ్లీషు, మూడు భాషల్లో సిద్ధం చేశారు. మన పాత సినిమాలు తెలుగు, తమిళం రెండిట్లో తీసినట్టే ఇదీనూ. 1955 డిసెంబర్ 22న పారిస్‌లో మొదటి ఆట. మార్టీన్ కరోల్ అందం చూద్దామని వచ్చిన జనం, ముందుకీ వెనక్కీ పోయే కథనం చూసి మండిపడ్డారు. గొడవకి పోలీసులు రావలసి వచ్చింది. కొద్దివారాలకి కోక్తో, రోసెల్లీనీ, జాక్ తాతీ మొదలైనవాళ్ళు ఈ సినిమాని సమర్థిస్తూ 'ఫిగారో' పత్రికలో బహిరంగ లేఖ రాశారు. లాభం లేకపోయింది. భారీ ఖర్చు పెట్టిన నిర్మాతలు నెగటివ్‌కే కత్తెర వేసి, కథని పుట్టుక నుంచి వరసగా సర్ది, చివరికి తొంభై నిమిషాలకి దగ్గరగా దించేశారు. ఆ కోత ఇంకా నలుగుతుండగానే ఓఫ్యుల్స్ పోయాడు.

1960ల చివర ప్యేర్ బ్రోన్‌బెర్జె అనే నిర్మాత హక్కులు కొని, దొరికిన ముక్కలతో 110 నిమిషాల సినిమాగా అతికించాడు. 2002లో మ్యూనిక్ ఫిల్మ్ మ్యూజియం, ష్టెఫాన్ డ్రెస్లర్ ఆధ్వర్యంలో, జర్మన్ రూపాన్ని పునరుద్ధరించింది. 2008లో పారిస్ సినెమాథెక్ ఫ్రెంచి రూపాన్ని బాగుచేసి, అసలు రంగులు, నాలుగు దారుల ధ్వని, పూర్తి వెడల్పుతో కాన్ ఉత్సవంలో చూపించింది. 2010 ఫిబ్రవరిలో అమెరికాలో క్రైటీరియన్ వాళ్ళు దాన్ని డిస్కుగా తెచ్చారు. 114 నిమిషాలు. ఆ డిస్కు యూరప్ ప్లేయర్లలో ఆడదు. ప్రపంచాన్ని మండలాలుగా కోసిన వ్యవస్థలో అమెరికా ఒకటో నంబరు, జర్మనీ రెండు, ఇండియా అయిదు. అన్ని మండలాలూ ఆడించే ప్లేయర్ ఒకటి కొన్నాను. సుంకం వసూళ్ళ మీద బతికేవాడు సుంకాన్ని తప్పించుకోవడానికి యంత్రం కొనడం చూసి మా ఆవిడ నవ్వింది.

ఆ 2010 ఫిబ్రవరి నాకు బాగా గుర్తు. దానికి కొద్దిరోజుల ముందు, జనవరి 30న, హైదరాబాదులో రంగుల 'మాయాబజార్' విడుదలైంది. నలుపు తెలుపు సినిమా 184 నిమిషాలు. రంగులద్దినది 165. కొన్ని పాటలకీ, సన్నివేశాలకీ కత్తెర పడింది. నిజమే, రంగులద్దినవాళ్ళ శ్రమ చిన్నది కాదు. పాడైపోతున్న సినిమాని కొత్త తరం ముందుకి తెచ్చారు. కాని హక్కుల డేటాబేసు అలవాటైన నా కళ్ళకి వెంటనే కనపడింది వరసలే. తెలుగు 'మాయాబజార్' ఒక వరస. అక్కినేని బదులు జెమినీ గణేశన్ అభిమన్యుడైన తమిళం ఇంకో వరస. రంగులది మూడో వరస. ముప్ఫై ఏళ్ళ తరువాత మనవలకి మిగిలే వరస ఏది? జనం చేతుల్లో ఏ డిస్కు ఎక్కువగా ఉంటే అదే అసలుదై కూర్చుంటుంది. 'లోలా'కి సరిగ్గా అదే జరిగింది. దశాబ్దం పైగా లోకం చూసింది కోసిన సినిమానే.

ఇంకో సంగతి. ఓఫ్యుల్స్ హాంబర్గ్‌లో కన్నుమూసింది 1957 మార్చి 26న. 'మాయాబజార్' విడుదలైంది ఆ మర్నాడు, మార్చి 27న. ఈ రెండిటికీ సంబంధమేమీ లేదు. ఒకే వారంలో ఒకచోట ముక్కలైన సినిమాని వదిలి దర్శకుడు పోయాడు, ఇంకోచోట కె.వి. రెడ్డి, మార్కస్ బార్ట్‌లీ చేసిన మాయకి జనం బారులు తీరారు. తరువాతి అరవై ఏళ్ళలో వాళ్ళ సినిమాకి ముగ్గురు నలుగురు కాపలాదారులు దొరికారు. హక్కులు కొని అతికించిన నిర్మాత, మ్యూనిక్‌లో ఒక పురపాలక మ్యూజియం, పారిస్‌లో ఒక సినెమాథెక్, డిస్కు వేసే ఒక కంపెనీ. వీళ్ళంతా ఒకే దేశం వాళ్ళు కారు, ఒకే కారణంతో పనిచెయ్యలేదు.

మనకో? రఘుపతి ప్రకాశ్ 1921లో తీసిన 'భీష్మ ప్రతిజ్ఞ' లేదు. తెలుగు మాటలు మొదట వినిపించిన 1931 నాటి 'కాళిదాస్' లేదు. జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టిందే 1964లో. అప్పటికే మూకీల్లో చాలాభాగం మట్టిలో కలిశాయి, లేదా నెగటివ్‌లోని వెండికోసం కరిగిపోయాయి. 2003 జనవరిలో పుణెలో జరిగిన అగ్నిప్రమాదం మిగిలిన నైట్రేట్ ఫిల్ముల్లో ఎన్నిటినో పట్టుకుపోయింది. ఓఫ్యుల్స్ 1931 నాటి మొదటి చిన్న సినిమా కూడా పోయినట్టే లెక్క. జర్మనీ అయినంత మాత్రాన అన్నీ దాచుకోలేదు. తేడా ఎక్కడంటే, వాళ్ళకి ఏది పోయిందో జాబితా ఉంది, వెతికేవాళ్ళు ఉన్నారు, ఏ రూపం ఎన్ని నిమిషాలో రాసిపెట్టుకున్నారు.

ఇప్పుడు డిస్కులు కొనేవాళ్ళు తగ్గిపోయారు. ఆన్‌లైన్లో అన్నీ ఉంటాయంటారు. నేను ఆ వ్యాపారం లోపలి లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అక్కడున్నది సినిమా కాదు, గడువు తేదీ ఉన్న ఒక వరస. గడువు తీరిన రాత్రి పన్నెండు గంటలకి అది చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఎవరి తప్పూ ఉండదు, ఒప్పందం అంతే. బీరువాలో డిస్కుకి ఆ గడువు లేదు. దానికి ఉండేది బూజు, గీత, వెండిపొర పాడవడం, చివరికి ఆడించే యంత్రం దొరకకపోవడం. అవి నా చేతిలో కొంతైనా ఉన్న శత్రువులు.

ఈ పుస్తకం చదివేవాళ్ళలో చాలామంది ఇళ్ళలో, డాలస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో, గుంటూరులోనో, అటకమీద ఒక అట్టపెట్టె ఉంటుందని నా నమ్మకం. ఇండియన్ సరుకుల కొట్లో అద్దెకి తెచ్చి తిరిగివ్వకుండా ఉండిపోయిన టేపులు, ఎనభైల్లో దూరదర్శన్ నుంచి రికార్డు చేసినవి, మూడు ముక్కలుగా వచ్చే వీసీడీలు. వాటిలో తరువాత వచ్చిన డిస్కుల్లో లేని పాటో, హాస్య సన్నివేశమో ఉండవచ్చు. పారెయ్యకముందు ఒక పని చెయ్యండి. ఆడించి చూసి, నిడివి ఎంతో రాయండి. ఇప్పుడు దొరుకుతున్న దానికంటే రెండు నిమిషాలు ఎక్కువగా ఉంటే (పైన చెప్పిన పాల్ వేగం లెక్క తీసేశాక సుమా), ఆ పెట్టె విలువ మారిపోతుంది.

నా ప్రతి డిస్కు డబ్బా లోపల ఒక చిన్న కాగితం పెడతాను. ఏ రూపం, ఏ భాష, ఎన్ని నిమిషాలు, ఎక్కడ కొన్నాను, ఏం తక్కువైంది. మొదట్లో అన్నీ తెలుగులో రాసేవాణ్ణి. మా అమ్మాయికి తెలుగు మాట బాగా వచ్చు, అక్షరాలు కూడబలుక్కోవాలి. ఇప్పుడు పైన తెలుగు, కింద జర్మన్, రెండూ రాస్తున్నాను. మొన్న 'మాయాబజార్' డబ్బా తీసి, రెండు భాషలూ చదివి, "నాన్నా, తెలుగులో ఒక వాక్యం ఎక్కువుంది, జర్మన్‌లో లేదు" అంది. అది శకుంతల ఉంగరం గురించో, ఘటోత్కచుడి గురించో కాదు. '184 నిమిషాలు, మీ తాతయ్య గుడివాడలో చూసినది ఇదే' అని. దాన్ని జర్మన్‌లో ఎలా రాయాలో ఇద్దరం కూర్చుని ఆలోచించి, కింద ఇంకో గీత గీసి, ఆ వరస కూడా చేర్చాం.